అక్క లాప్‌టాప్‌లో అల్లుడుగారి లినక్స్

ఏ లినక్స్ వేసుకోమంటారని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు. అడిగీ అడగకముందే పక్కనుంచి ఒక తెలివిగలవాడు ముందుకొచ్చి, వాళ్ళ పనేమిటో కనుక్కోకుండానే, "మీరు కొత్తవాళ్ళా, అనుభవం ఉన్నవాళ్ళా?" అని మొదలుపెడతాడు చూడండి, వాడి మీద. కొత్తవాళ్ళమని చెప్పగానే వాడి మొహంలో ఒక జాలి కనబడుతుంది. ఆ జాలి చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి, నలుగురితో పనున్నవాణ్ణి కాబట్టి ఊరుకుంటున్నాను.

విజయవాడలో నాది చిన్న షాపు. పాత లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. విండోస్ మోయలేక చతికిలబడ్డవాటికి లినక్స్ వేసి మళ్ళీ నడిపిస్తాను. లినక్స్ అంటే తెలియనివాళ్ళకి ఆటోనగర్ గురించి చెబుతాను. అక్కడికి లారీ ఛాసిస్ ఒకటే వస్తుంది, దాని మీద బాడీ మాత్రం ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు కట్టించుకుంటారు. లినక్స్‌లో అలా బాడీ కట్టి సిద్ధం చేసిన బండినే డిస్ట్రో అంటారు. మింట్ అని ఒకటి, ఉబుంటు అని ఒకటి, ఇంకా బోలెడు. ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ "నువ్వు కొత్త డ్రైవరువా, పాత డ్రైవరువా" అని అడిగి బాడీ కట్టడు. ఏం తోలతావని అడుగుతాడు. ఇసకా, కోళ్ళా, వరిగడ్డా? ఈ పాటి ఇంగితం కంప్యూటర్లు చదువుకున్నవాళ్ళకి ఎందుకుండదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి.

అక్కది గన్నవరం దాటాక హైవే దిగి లోపలికి వెళ్ళే ఊరు. బావగారిది వ్యవసాయం. కూతురు పెద్ద చదువుకి వచ్చాక అక్క కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకుని మిషను కొనుక్కుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్లకి చేతుల మీదా వీపు మీదా నెమళ్ళూ పల్లకీలూ కుట్టే మిషను అది. డిజైను లాప్‌టాప్‌లో గీసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మిషనుకి పెడితే సూది తన పాటికి తను కుట్టుకుపోతుంది. బావగారికి ఆ మిషనంటే మొదటినుంచీ గిట్టదు. ముందుగది సగం అదే మింగేసిందనీ, దాని రొదకి మధ్యాహ్నం కునుకు పట్టదనీ సణుగుడు. అక్క పట్టించుకోలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి తన పని అంటూ ఒకటి దొరికింది, దాన్ని ఎవరి సణుగుడుకో వదులుకునే మనిషి కాదు. అప్పటికి కాదు.

మిషను అమ్మినవాళ్ళు దానితోపాటు ఒక దొంగ సాఫ్ట్‌వేరు అంటగట్టారు. ఏడాది తిరిగేసరికి లాప్‌టాప్ నిండా వైరస్‌లు. నా షాపుకి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఒరేయ్, దీని సంగతి చూడరా, లేదా నా సంగతి చూడు" అంది. నేను వెంటనే ఏదీ వెయ్యలేదు. వాళ్ళూరు వెళ్ళి ఒక పూటంతా పక్కన కూర్చుని, ఆమె పని ఎలా చేస్తుందో చూశాను. ఎడమచేత్తో జాకెట్టు బిగించిన ఫ్రేము పట్టుకుని ఉంటుంది. కుడిచేత్తో మౌసు. కీబోర్డు జోలికి దాదాపు పోదు, పోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. తెర మీద బొమ్మ ఎక్కడుందో చూపుతోనే పోల్చుకుంటుంది. అందుకని మింట్ వేశాను. కింద మెనూ, తెర మీద మూడే మూడు బొమ్మలు. ఒకటి డిజైను గీసుకోవడానికి, ఒకటి గీసినవి దాచుకోవడానికి, ఒకటి పెన్‌డ్రైవ్‌కి. ఎంబ్రాయిడరీకి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు అందులో శుభ్రంగా నడిచింది. అక్క దాన్ని ఎప్పుడూ లినక్స్ అనలేదు. "తమ్ముడు పెట్టింది" అనేది.

ఇక చూడండి, ఆమె జోరు. దుకాణాల్లో దొరికే డిజైన్లు మానేసి సొంతంగా గీయడం మొదలుపెట్టింది. వాళ్ళ కాలవపక్క పొలాల్లో నాట్లకి ముందు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాల కొంగలు బారుకడతాయి కదా, వాటిని జాకెట్టు చేతి అంచున వరసగా నిలబెట్టింది. ఒక్కో కొంగ మెడ ఒక్కో వంపు. హనుమాన్ జంక్షన్ నుంచి కూడా ఆడవాళ్ళు "కొంగల జాకెట్టు కావాలండీ" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అలాంటి మనిషిని కొత్తవాళ్ళు అనే గంపలో వేస్తారు వీళ్ళు. అక్క లినక్స్‌కి కొత్త. తన పనికి కాదు.

మేనకోడలి పెళ్ళయింది. అల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. మర్యాదస్తుడే, అందులో పేరు పెట్టడానికి లేదు. పెద్దాచిన్నా అందరికీ అండీ అంటాడు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి దసరాకి పిలిచారు. మా వైపు మొదటి దసరాకి వచ్చిన అల్లుడు ఏం చేసినా ముద్దే. పొద్దున ఎంతసేపు పడుకున్నా ముద్దే, పప్పులో ఉప్పు లేదన్నా ముద్దే. ఆయన్ని పల్లెత్తు మాట అంటే ఆ మాట తిరిగి తిరిగి పిల్ల కాపురంలో తేలుతుందని భయం. ఈ భయాన్ని మనవాళ్ళు మర్యాద అని పిలుచుకుంటారు.

మహర్నవమి రోజు ఆయుధపూజ. బావగారు ట్రాక్టరుకి పూజ చేశారు. అక్క మిషనుకీ లాప్‌టాప్‌కీ పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసింది. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజు ముట్టుకోరు. మర్నాడు దశమి పొద్దున తీసి, మొదటి పని దానితో చేస్తే ఏడాదంతా పని బాగుంటుందని నమ్మకం. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రలో ఉంది. అక్క కాఫీ పెట్టడానికి లేచి ముందుగదిలోకి వస్తే, అల్లుడుగారు పూజలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దండ పక్కన పడేసి ఉంది.

"అత్తయ్యగారూ, సర్‌ప్రైజ్ అండీ. పొద్దున్నకి మీ లాప్‌టాప్ రాకెట్‌లా ఉంటుంది, ఎవరికీ చెప్పకండి" అన్నాడట.

అక్క ఏమంది? ఏమంటుంది? "అలాగే బాబూ, కాఫీ తెస్తాను" అంది.

నేను ఇవన్నీ తర్వాత విన్నాను. కళ్ళారా చూసింది మాత్రం దశమి పొద్దున. నేను వెళ్ళేసరికి వియ్యంకులు కూడా వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. వియ్యపురాలికి పెట్టబోయే పట్టుజాకెట్టు గుడ్డ మీద అందరి ఎదురుగా మొదటి కుట్టు వెయ్యాలని అక్క ముచ్చట. కొత్తచీర కట్టుకుని, దణ్ణం పెట్టుకుని, లాప్‌టాప్ మూత తీసి బటన్ నొక్కింది. నల్లటి తెర. పైన తెల్లగా రెండు వరసల అక్షరాలు, పక్కన కొట్టుకుంటున్న చిన్న గీత. అంతే. బొమ్మల్లేవు, మెనూ లేదు, కొంగల్లేవు.

అక్క మౌసు కదిపింది. తెర మీద ఏదీ కదల్లేదు.

"ఏం చేశావే?" అన్నారు బావగారు, వియ్యంకుల ఎదురుగానే.

అల్లుడు అక్కడే ఉన్నాడు, చేతిలో కాఫీ గ్లాసుతో. నోరు తెరవబోయాడని అక్క అంటుంది. నేను చూసినంతవరకు అతను తెరిచింది కాఫీ తాగడానికే. ఈలోగా అక్కే అనేసింది, "నేనే ఏదో నొక్కి ఉంటానండీ. నాకేం తెలుసు" అని నవ్వింది. వియ్యపురాలు, "మనకెందుకు వదినగారూ ఈ వయసులో ఈ కంప్యూటర్లు" అంది. అందరూ నవ్వారు. అల్లుడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

నేను తెర దగ్గరికి వెళ్ళి ఆ తెల్ల అక్షరాలు చదివాను. ఒక డిస్ట్రో పేరుంది అందులో. ఆ పేరు ఇక్కడ రాయను, దాని తప్పేమీ లేదు. అది అన్నీ తనే చేత్తో అమర్చుకునేవాళ్ళ కోసం తయారైంది. దాన్ని ఎక్కించడానికి డిస్కు తుడవాలి, ముక్కలు చెయ్యాలి, ఒక్కో సామానూ పేరు పెట్టి పిలిచి తెచ్చుకోవాలి. నా ఇంట్లో ఒక కంప్యూటర్లో అదే ఉంది. దాన్ని పొరపాటున ఏదో నొక్కి తెచ్చుకోవడమంటే, పొరపాటున కాలుజారి మేడ కట్టినట్టు. నాకు విషయం మొత్తం అర్థమైపోయింది. నెట్ కోసం పెట్టుకున్న ఫోన్‌కి సిగ్నల్ మధ్యలో పోయి తెర మీద బొమ్మలు చూపించే భాగం దించుకోలేకపోయాడు, సగంలో వదిలేసి, మళ్ళీ పూజలో పెట్టి, పైన దండ వేశాడు.

వంటింట్లోకి వెళ్ళి అక్కని నిలదీశాను. "ఎందుకే అబద్ధం చెప్పావు?"

"మెల్లగా మాట్లాడు. వియ్యంకులు వింటారు."

"విననీ. నీ డిజైన్లన్నీ తుడిచేశాడక్కా. తెలుస్తోందా? అన్నీ."

ఆమె చేతిలో గారెల పిండి ఆగిపోయింది. డిజైన్లు పోయాయని అప్పటిదాకా ఆమెకి తెలియదు. ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, మళ్ళీ పిండి తీసుకుని ఆకు మీద ఒత్తింది. "పిల్ల కొత్తగా కాపురానికెళ్ళింది. వాళ్ళమ్మా నాన్నా ముందుగదిలో ఉన్నారు. వాళ్ళ ముందు అతని తల కొట్టేసినట్టు చెయ్యమంటావా? ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

ఈ ఒట్టు ఒకటి. మా ఇంటి ఆడవాళ్ళు ఎవరి నోరు ఎప్పుడు మూయించాలన్నా ఇదే తీస్తారు. నేను పళ్ళు నూరుకుంటూ వీధరుగు మీదకొచ్చి కూర్చున్నాను. కాసేపటికి అల్లుడు కూడా వచ్చి పక్కన చేరాడు. నాకు తెలుసని అతనికి తెలుసు. ఒట్టు సంగతి మాత్రం తెలియదు. ఇద్దరం ఎవరో మూడో మనిషి చేసిన పని గురించి మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకున్నాం.

"మింట్ లాంటివి వేస్తే మనిషి ఎదగడండీ మావయ్యగారూ. బిగినర్స్ డిస్ట్రో వాడేవాళ్ళు ఎప్పటికీ బిగినర్స్‌గానే ఉండిపోతారు" అన్నాడు.

"ఎదిగి ఏం చెయ్యాలి బాబూ?"

"సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో తెలియాలి కదండీ. కీబోర్డుతోనే అంతా నడిపేలా ఒక సెటప్ ఉంటుందండీ, మౌసే అక్కర్లేదు. అలవాటైతే ఎంత స్పీడో."

"రెండో చేతిలో ఫ్రేము ఉంటేనో?"

అతనికి అర్థం కాలేదు. అత్తగారు పని చేస్తుండగా అతనెప్పుడూ చూడలేదు.

"సరే బాబూ. ఎవరైనా ఇలా కొత్తది ఎక్కిస్తే, ముందు పాత ఫైళ్ళు దాచిపెట్టాలి కదా?"

"ముఖ్యమైనవి ఉంటే దాచాలండీ. ఇందులో ఏముంటాయండీ, పువ్వులూ అవీ కదా."

నేను లేచి చెప్పులేసుకుని కాలవదాకా నడిచి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాణ్ణే. ఆ రోజు వాళ్ళింట్లో భోజనం కూడా చెయ్యలేదు. కడుపులో బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను.

అనుభవం ఉన్నవాళ్ళు అంటే ఎవరండీ అసలు? నాకు తెలిసిన అనుభవస్థులు పనికి అడ్డు రాని డిస్ట్రో చూసుకుంటారు. పెద్ద పెద్ద సర్వర్లు చూసేవాళ్ళు కూడా ఇంట్లో సాదాసీదాది వేసుకుని హాయిగా ఉంటారు. కష్టమైనదాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్ళు ఆ దారిలో సగం దూరం వచ్చినవాళ్ళు. నేర్చుకోవడానికి కష్టమైనది వేసుకోవడం మంచిదే, నేనూ అలాగే నేర్చుకున్నాను. సొంత కంప్యూటర్లో వేసుకో. అత్తగారి బతుకుతెరువులో కాదు.

ఆ వారంలోనే లాప్‌టాప్ తెచ్చి మళ్ళీ మింట్ వేశాను. తుడిచిన డిస్కులోంచి ఏమైనా లాగొచ్చేమోనని నాకు తెలిసిన విద్యలన్నీ చూపించాను, ఒక్క డిజైనూ రాలేదు. మిషనులో పెట్టే పెన్‌డ్రైవ్‌లో కొన్ని మిగిలాయి. కానీ అవి కుట్టు ఎలా పడాలో చెప్పే ఫైళ్ళు, గీసిన బొమ్మలు కావు. అదే కొలతకి మళ్ళీ కుట్టుకోవచ్చు. చెయ్యి లావుగా ఉన్న పిల్లకి బొమ్మ పెద్దది చెయ్యాలంటే కుదరదు, కుట్లు ఎడం పడిపోతాయి. అసలు బొమ్మ ఉండాలి. అది పోయింది. మార్గశిరంలో పెళ్ళికూతురి జాకెట్టు ఒకటి ఒప్పుకుని ఉంటే, ఆ గుడ్డ తిరిగిచ్చేసింది అక్క. ఆమెకి కంప్యూటరు చేతకాదట అని ఊళ్ళో మాట పుట్టింది. పుట్టించింది ఎవరో కాదు, బావగారే. రచ్చబండ దగ్గర నవ్వులాటగా చెప్పారు. అల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా, "అత్తయ్యగారూ, ఏమీ నొక్కకండేం" అని నవ్వేవాడట. తన తప్పుని తనే అంత హాయిగా మరిచిపోయాడు.

నేను మళ్ళీ గీయవే అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేది, మూత తీసేది, మౌసు మీద చెయ్యి పెట్టి తీసేసేది. ఒకరోజు అంది, "ఏమోరా, ఇంతమంది అంటుంటే నిజంగా నేనే ఏదో నొక్కానేమో అనిపిస్తోంది."

"నీ కళ్ళతో చూశావు కదే అతను కూర్చుని ఉండటం."

"చూశాననుకో" అంది. ఆ మాటకి వచ్చినంత కోపం నాకు డిజైన్లు పోయినప్పుడు కూడా రాలేదు.

చివరికి బావగారు బేరం తెచ్చారు. హనుమాన్ జంక్షన్‌లో ఎంబ్రాయిడరీ షాపు నడిపే ఆయన, మిషను తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. వైర్లు విప్పడానికి రమ్మని బావగారు నన్ను పిలిచారు. వెళ్ళాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"ఒకసారి నడిపి చూపిస్తారా అండీ?" అన్నాడు వచ్చినాయన.

"మా ఆవిడకి రాదండి. మా బావమరిది చూపిస్తాడు" అన్నారు బావగారు.

"నాకు కంప్యూటరు వచ్చుగానీ మిషను రాదండీ" అన్నాను. నిజమే చెప్పాను. సాయం మాత్రం చెయ్యదలుచుకోలేదు.

వచ్చినాయన మిషను చుట్టూ తిరిగాడు. సూదుల దగ్గర వేలు పెట్టి చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, బేరమాడే మనిషి, అంతే. "రానివాళ్ళు నడిపిన మిషనంటే ఆలోచించాలండీ. ఎక్కడెక్కడ దెబ్బతిని ఉందో. ఎన్ని జాకెట్లు పాడయ్యాయో పాపం" అన్నాడు.

"ఆడవాళ్ళ పని కదండీ, ఏముంది, సరదాకి" అన్నారు బావగారు.

అక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వచ్చినాయన్ని పక్కకి జరగమని చేత్తోనే చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. లాప్‌టాప్ తీసింది. చూసి గీయడానికి ఎదురుగా ఏమీ లేదు. ముందు ఒక గీత, దాన్ని వంచి మెడ, మెడ కింద రెక్క. బొమ్మని కుట్టుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఫ్రేములో ఒక తెల్లగుడ్డ బిగించింది. అప్పుడు బావగారి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ దసరాకి నా లాప్‌టాప్ పాడుచేసింది అల్లుడు. పూజలో పెట్టినదాన్ని తీసి, నా బొమ్మలన్నీ తుడిచేసి, తనకి నచ్చింది వేసుకుని, మళ్ళీ దండ కప్పి పెట్టాడు. పిల్ల కాపురమని నేను మాట పడ్డాను. మీరు దాన్ని ఊరంతా చెప్పుకొచ్చారు. ఇంటికొచ్చిన పరాయి మనిషితో కూడా నాకు పని రాదంటుంటే ఇక నావల్ల కాదు. ఈ మిషను నేను ఇవ్వను."

వచ్చినాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. బావగారి మొహం నల్లబడింది. నా వైపు చూశారు, నువ్వే చెప్పించావా అన్నట్టు. నేను కూడా ఆయన వైపే చూశాను, చెప్పకుండా ఇన్నాళ్ళు ఎలా బతికానో అన్నట్టు.

"ఇప్పుడు ఈ మాట అల్లుడి చెవిన పడితే ఏమనుకుంటాడే?" అన్నారు చివరికి.

"అనుకోనివ్వండి. ఇన్నాళ్ళూ నన్ను అందరూ అనుకున్నారుగా" అంది అక్క. పెన్‌డ్రైవ్ మిషనుకి పెట్టి బటన్ నొక్కింది.